అక్క ఆఖరి డ్యూటీ

నల్గొండ సర్కారు దవాఖానలో మా సీనియర్ నర్సు అక్క రిటైరయ్యే రోజు. శాలువా కప్పి అందరం ఫొటోలు దిగుతుంటే ఆమె చూపు మాత్రం మూల బెడ్ సెలైన్ బాటిల్ మీదే ఉంది. అయిపోవస్తోందని నాకు కళ్లతోనే సైగ చేసింది.

61 నిండాయి ఆమెకు. 1994లో చేరింది కాబట్టి పాత పెన్షన్ వస్తుంది, డీఏ (కరువు భత్యం) పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది. నేను చేరింది 2006లో. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లమంతా సీపీఎస్ అనే కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్ కిందికే వచ్చాం. నెలనెలా బేసిక్, డీఏ మీద 10 శాతం కట్ అవుతుంది, సర్కారు కూడా తన వంతు వేస్తుంది గానీ రిటైరయ్యాక నెలకు ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేరు, అదంతా మార్కెట్ చేతిలో ఉంది.

ఇదే నల్గొండలో ప్రైవేటు దవాఖానలో చేసే మా చెల్లెది ఇంకా అన్యాయం. ప్రైవేటు ఉద్యోగులకు పీఎఫ్ ద్వారా వచ్చే కనీస పెన్షన్ 2014 నుంచి 1000 రూపాయల దగ్గరే ఆగిపోయింది. ఇన్నేళ్ల నైట్ డ్యూటీలకు అదా విలువ? బీపీ, షుగర్ గోలీలకైనా సరిపోతుందా?

పోతూ పోతూ అక్క మందుల బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టి, "నడుము జాగ్రత్త బిడ్డా, పేషెంట్‌ను ఒక్కదానివే లేపకు" అంది. ఆమె చీర కింద నడుము బెల్టు ఉంటుందని నాకు తెలుసు. నాకూ నొప్పి మొదలైంది.

సెలైన్ మార్చి వచ్చేసరికి ఆటో ఎక్కేసింది.