హెడ్‌లైన్లు మీరే ఉంచుకోండి

పాత పేపర్లు అమ్మేవాళ్ళ మీద నాకు ఒక్కటే కోపం, బైండు విప్పేస్తారు. మూడు నెలల పేపర్లు వరసగా కుట్టి, అట్ట వేసి, వెన్ను మీద తారీకులు కొట్టిన వాల్యూమ్‌ని బ్లేడుతో కోసి, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజు, హిరోషిమా రోజు, జపాన్ లొంగిపోయిన రోజు తీసి ఫ్రేములు కట్టించి అమ్ముకుంటారు. మిగతాది తూకానికి పోతుంది. నాక్కావలసింది ఆ మిగతాదే.

మద్రాసులో మా ట్రిప్లికేన్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పుస్తకాలు పరిచే ఒకాయన ఉన్నాడు, తెలుగాయనే. "ఇంత బరువు మోసుకెళ్ళి ఏం చేస్తారు సార్, మంచి పేజీ ఒక్కటి తీసుకోండి, గోడకి బాగుంటుంది" అంటాడు. మంచి పేజీ అంటే పెద్దక్షరాలున్న పేజీ అన్నమాట. తమాషా ఏంటంటే అప్పటి 'ది హిందూ' ఇంగ్లీషు పేపరు మొదటి పేజీలో వార్తే ఉండదు, అన్నీ ప్రకటనలే. 1958 దాకా అంతే. ప్రపంచం తగలబడుతున్నా ముందు బట్టల కొట్టూ బలం టానిక్కూ చూసి, పేజీ తిప్పాకే యుద్ధం. అందుకే ఫ్రేముల బేరగాళ్ళకి హిందూ అంతగా నచ్చదు, నాలాంటి వాళ్ళకి అది అదృష్టం.

యుద్ధం 1945లో అయిపోతుందని మనకి తెలుసు. 1942 ఏప్రిల్‌లో మద్రాసులో కాఫీ తాగుతూ పేపరు తిప్పినవాడికి తెలీదు. బైండులో వరసగా చదువుతుంటే ఆ తెలియకపోవడమే మనకీ కొంచెం అంటుకుంటుంది. ఫిబ్రవరిలో సింగపూర్ పోయింది, మార్చిలో రంగూన్ పోయింది, ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. తర్వాత మనమే అని మద్రాసులో జనం మూటాముల్లే సర్దుకున్నారు, ప్రభుత్వం కూడా ఆఫీసుల్ని లోపలి ఊళ్ళకి తరలించింది. పీపుల్స్ పార్కు జూలో సింహాల్నీ పులుల్నీ కాల్చి చంపేశారు, బాంబు పడి బోను విరిగితే వీధుల్లోకి వస్తాయని. ఆ జూ పక్కనే మూర్ మార్కెట్. మద్రాసులో పాత పుస్తకాల పిచ్చివాళ్ళందరి పుణ్యక్షేత్రం అదే, 1985లో తగలబడిపోయింది. అందులో ఎన్ని బైండ్లు బూడిదయ్యాయో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

చదవకపోయినా, ఊరికే అల్మైరాలో పక్కపక్కన పెట్టి చూడండి. 1939 మొదటి మూడు నెలల బైండు ఇంత లావు, 1943ది దాంట్లో సగం కూడా ఉండదు. అప్పట్లో న్యూస్‌ప్రింట్, అంటే పేపర్లు అచ్చేసే కాగితం, మన దేశంలో తయారయ్యేది కాదు, నేపానగర్ మిల్లు వచ్చింది 1950ల్లో. కెనడా, నార్వే లాంటి చోట్ల నుంచి ఓడల్లో రావాలి. నార్వేని 1940లో జర్మనీ పట్టేసుకుంది, ఓడలు యుద్ధానికి పోయాయి, దాంతో పేపర్లు పేజీలు తగ్గించుకున్నాయి. అక్షరాలు కూడా ఇరుకైపోయి, నా నంబరు కళ్ళజోడుకి పరీక్షే.

కొనేముందు ప్రతి తారీకూ చూసుకోవాలి. కానీ లేని తారీకు ప్రతిదీ ఎవరో చింపేసినట్టు కాదు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా వార్తల మీద ఆంక్షలు పెడితే దేశంలో కొన్ని పత్రికలు అచ్చు ఆపేశాయి. ఆ ఖాళీ కూడా వార్తే, ఫ్రేము కట్టడానికి మాత్రం పనికిరాదు.

ఇక ఈ ఊరి గాలి. చెక్క గుజ్జు కాగితం కదా, అందులో ఉండే లిగ్నిన్ అనే చెక్క పదార్థం వల్ల గాలీ వెలుతురూ తగిలితే పసుపు, తర్వాత గోధుమ రంగు, చివరికి మూల ముట్టుకుంటే చిటుక్కున విరిగి అప్పడం ముక్కలా చేతిలోకి వస్తుంది. సెల్లోటేపు అంటించకండి, ల్యామినేషన్ మాట ఎత్తకండి. నిలబెట్టకుండా పడుకోబెట్టండి, లేకపోతే సొంత బరువుకే కుట్టు తెగుతుంది. స్కానర్ మీద బోర్లా వేసి నొక్కితే వెన్ను విరుగుతుంది, పైనుంచి ఫోన్‌తో ఫోటో తీసుకుంటే చాలు. మా ఆవిడ మాత్రం "మంచం కింద చోటు ఇక లేదు" అని తేల్చి చెప్పేసింది.

నాకున్న అసలు బాధ తెలుగు బైండ్లు. ఆంధ్రపత్రిక దినపత్రికగా 1914 ఏప్రిల్ 1న మొదలైంది ఈ ఊళ్ళోనే, ఆంధ్రప్రభ 1938లో పుట్టింది ఈ ఊళ్ళోనే, అయినా ఇక్కడ పేవ్‌మెంట్ల మీద ఇంగ్లీషువీ తమిళంవీ దొరికినట్టు అవి దొరకవు. పాత తెలుగు పత్రికలు చూడాలంటే వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి రైలెక్కడం మేలు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు రేవు దగ్గర నూనె ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది, అప్పటికి ఆంధ్రపత్రిక దినపత్రికగా ఆరు నెలల పసిది. మర్నాటి నుంచి వారం రోజులు ఏం రాశారో వరసగా చదవాలని నా కోరిక.

మీ ఇంట్లో అటక మీద తాతగారి బైండు ఏదైనా ఉంటే కాగితాల కొట్టుకి వేయకండి, కోయకండి. ముఖ్యంగా 1943 అక్టోబరు, ఒక జపాన్ విమానం రాత్రి వచ్చి మద్రాసు మీద బాంబులు వేసి వెళ్ళిన నెల. నాకు అమ్మక్కర్లేదు, మీ ఇంట్లోనే ఒక మూల కూర్చుని చదువుకుంటాను, కాఫీ కూడా అడగను.