వాడిన స్నోబ్లోయర్‌ను ఎంచుకున్న నా అనుభవం

పారతో మంచు ఎత్తిపోయడం ఇక నా నడుముకు సరిపడదని తేలిపోయిన తరువాత, మంచును తవ్వి పక్కకు విసిరే యంత్రం, అంటే స్నోబ్లోయర్, కొనాలని నిశ్చయించుకున్నాను. కొత్తదానికి పెట్టే డబ్బు కంటే చాలా తక్కువకే, మందపాటి రేకుతో చేసిన పాత యంత్రాలు దొరుకుతాయని తెలిసి, వాడినదానికోసమే వెతకడం మొదలుపెట్టాను. అయితే యంత్రాలను చూడబోయే ముందు నా డ్రైవ్‌వేను నేను ఒకసారి శ్రద్ధగా చూసుకోవలసి వచ్చింది. గ్యారేజీ ముందు రెండు కార్లు పక్కపక్కన నిలిచేంత కాంక్రీటు ఉంది. అక్కడి నుంచి వీధి వరకు ఒక కారు పట్టే కంకర దారి ఉంది. వీధి అంచున, రోడ్డు శుభ్రం చేసే బండి వెళ్లినప్పుడల్లా మా దారికి అడ్డంగా వదిలిపెట్టే మంచు గట్టు ఉంటుంది. అప్పుడే కురిసిన పొడిమంచు ఘనపు మీటరుకు 100 కిలోలు కూడా తూగకపోవచ్చు గాని, బండి నెట్టుడుకు నలిగి, తడిసి, మళ్లీ గడ్డకట్టిన మంచు దానికి నాలుగైదు రెట్లు తూగుతుంది. కాబట్టి నేను కొనబోయేది ఆ గట్టును తినగలిగే యంత్రమై ఉండాలి. మిగతా దారి సంగతి దానంతటదే తేలిపోతుంది.

కంకర ఉండడం వల్ల ఒక నిర్ణయం సులువైంది. సింగిల్ స్టేజ్ యంత్రంలో ముందున్న ఆగరే (మరలా మెలితిరిగిన రెక్కలున్న ఇరుసు) మంచును తవ్వి, అదే విసిరేస్తుంది; దాని రబ్బరు రెక్కలు నేలను రాసుకుంటూ పోతాయి కనుక కాంక్రీటు మీద నేల కనబడేంత శుభ్రంగా పనిచేస్తుంది. కంకర మీద మాత్రం మంచుతోపాటు రాళ్లను కూడా విసురుతుంది, పైగా 20 సెంటీమీటర్లు దాటిన మంచులో దానికి ఆయాసం వస్తుంది. టూ స్టేజ్ యంత్రంలో ఉక్కు ఆగర్ మెల్లగా తిరుగుతూ మంచును పగలగొట్టి నడిమికి లాగుతుంది, దాని వెనుక వేగంగా తిరిగే ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం ఆ మంచును చ్యూట్ అనే గొట్టం గుండా దూరంగా విసురుతుంది. ఇరువైపులా నేల మీద జారుతూ ఉండే లోహపు పాదాలను, అంటే స్కిడ్ షూలను, దించితే ముందరి తొట్టి నేలకు కొంత ఎత్తులో నిలుస్తుంది కనుక కంకరను తాకకుండా నడపవచ్చు. చక్రాలు కూడా ఇంజన్ బలంతోనే తిరుగుతాయి. నాకు టూ స్టేజే కావాలని ఆ విధంగా తేలింది.

వెడల్పు విషయంలో చాలామంది "ఎంత వెడల్పైతే అంత మంచిది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒకే శక్తిగల ఇంజన్‌కు 24 అంగుళాల తొట్టి తగిలించినప్పటికంటే 30 అంగుళాల తొట్టి తగిలించినప్పుడు భారం ఎక్కువవుతుంది, తిప్పడం కష్టమవుతుంది, గ్యారేజీలో కారు పక్కన అది పట్టదు. నా దారికి 24 నుంచి 26 అంగుళాల వరకు చాలు. బ్యాటరీతో నడిచేవాటిని కూడా చూశాను. చలికి బ్యాటరీ సామర్థ్యం ఎలాగూ పడిపోతుంది, దానికి తోడు వాడినదానిలో మిగిలిన ఆయుష్షు ఎంతో బయటికి కనిపించదు కనుక వాటిని పక్కన పెట్టేశాను.

యంత్రం చూడడానికి వెళ్లే ముందు అమ్మేవారికి ఫోన్ చేసి రెండు విషయాలు అడిగేవాణ్ణి. యంత్రం మీది రేకు పలక మీద ఉన్న మోడల్ నంబర్ మొదటిది. అది తెలిస్తే విడిభాగాల పటం చూసుకుని, బెల్టులు, చక్రాలకు ఇంజన్ బలాన్ని అందించే ఫ్రిక్షన్ డిస్క్, ఆగర్‌ను ఇరుసుకు కలిపే షియర్ పిన్‌లు ఇంకా దొరుకుతున్నాయో లేదో ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. రెండవది, నేను వచ్చేవరకు ఇంజన్ స్టార్ట్ చేయవద్దని కోరడం. అలా కోరినా ఒకాయన, "మీరు వస్తున్నారని ముందే వేడి చేసి పెట్టానండి" అని ఎంతో మర్యాదగా చెప్పారు. వేడెక్కిన ఇంజన్ ఎవరు లాగినా స్టార్ట్ అవుతుంది. నాకు తెలియవలసింది గడ్డకట్టే చలిలో తెల్లవారుజామున అది ఏం చేస్తుందన్నది. మరునాడు ఉదయం వచ్చి చల్లగా ఉన్నప్పుడు చూస్తానంటే, ఆ సాయంత్రానికల్లా అమ్ముడైపోయిందని కబురు వచ్చింది.

ఇంత చెప్పినా, ఇంజన్‌కు నేను ఇచ్చిన ప్రాధాన్యం రెండవదే. కొనేవాళ్లందరి చెవులూ ఇంజన్ మీదే ఉంటాయి, అమ్మేవాళ్లు మెరుగుపెట్టేది కూడా దాన్నే. నిజానికి పాత స్నోబ్లోయర్ ఇంజన్ మొరాయించడానికి ఎక్కువసార్లు కారణం కార్బురేటర్‌లో నెలల తరబడి నిలిచి జిగురు కట్టిన పెట్రోలు. చోక్ సగం మూసి ఉంచితే తప్ప నడవకపోవడం, చోక్ తీయగానే వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగిసలాడడం దానికి గుర్తులు. కార్బురేటర్‌ను విప్పి శుభ్రం చేస్తేనో, కొత్తది వేస్తేనో చాలావరకు అది సర్దుకుంటుంది. పాత స్నోబ్లోయర్లు చాలావాటికి ఇంజన్లు చేసిన టెకుమ్సే సంస్థ 2008లో ఇంజన్ల తయారీ మానేసినా ఆ ఇంజన్లకు కార్బురేటర్లు, గాస్కెట్లు నేటికీ దొరుకుతున్నాయి కనుక, ఆ పేరు చూసి వెనకడుగు వేయనవసరం లేదని నా అభిప్రాయం. నన్ను భయపెట్టేవి వేరే ఉన్నాయి: వేడెక్కిన తరువాత కూడా ఆగని నీలిపొగ, లోపల కొట్టుకుంటున్న చప్పుడు, ఆయిల్‌లో మెరిసే లోహపు పొడి. ఆయిల్ పుల్ల తీసి వాసన చూసినప్పుడు పెట్రోలు వాసన వస్తే, కార్బురేటర్‌లోని ఫ్లోట్ సూది సరిగా మూసుకోక పెట్రోలు ఇంజన్‌లోకి దిగుతున్నదని అర్థం. అది బాగుచేసుకోదగినదే గాని, ఆ ఆయిల్‌తో ఎంతకాలం నడిపారని అడగవలసి ఉంటుంది.

నేను ఎక్కువసేపు గడిపింది యంత్రం ముందు భాగం దగ్గర మోకాళ్ల మీద కూర్చునే. స్పార్క్ ప్లగ్ వైరు పీకి పక్కన పెట్టిన తరువాతే ఆగర్ మీద చెయ్యి వేసేవాణ్ణి. (చ్యూట్‌లో మంచు ఇరుక్కున్నప్పుడు మాత్రం ఇంజన్ ఆపి ఉన్నా చెయ్యి పెట్టకూడదు, బెల్టులో మిగిలిన బిగువుకే ఇంపెల్లర్ ఒక్కసారిగా కదిలి వేళ్లు తీసుకుపోగలదు. దానికి కర్రే వాడాలి.) ఆగర్ నడిమధ్యన ఒక చిన్న గేర్‌బాక్స్ ఉంటుంది. దానికి రెండువైపులా ఆగర్ గొట్టాన్ని లోపలి ఇరుసుకు కలుపుతూ షియర్ పిన్‌లు ఉంటాయి. ఇవి కావాలనే మెత్తటి లోహంతో చేసినవి. ఆగర్‌లో రాయో, మంచులో గడ్డకట్టిన కట్టెముక్కో ఇరుక్కున్నప్పుడు ఇంట్లో ఫ్యూజు పోయినట్టు పిన్ విరిగిపోతుంది, ఆ వైపు ఆగర్ ఆగిపోతుంది, గేర్‌బాక్స్ బతుకుతుంది.

నేను చూసినవాటిలో ఒక యంత్రం కొత్త రంగుతో మెరిసిపోతున్నది, ఇంజన్ కూడా మృదువుగా నడుస్తున్నది. వంగి చూస్తే షియర్ పిన్‌లు ఉండవలసిన చోట రెండువైపులా మామూలు బోల్టులు బిగించి ఉన్నాయి. వాటి తలల మీద ఆరేసి గీతలు, అంటే చాలా గట్టి రకం. అమ్మేవారిని అడిగితే, "పిన్‌లు మాటిమాటికీ విరుగుతున్నాయండి, అందుకని గట్టివి వేయించాను, ఇక ఆ బాధ లేదు" అన్నారు. పిన్ విరగకపోతే విరిగేది గేర్‌బాక్స్ లోపల ఉండే మెత్తటి కంచు పళ్లచక్రం. ఆగర్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ ఆడించి చూశాను. ఇంపెల్లర్ కదలకముందే ఆగర్ టకటకమంటూ చాలా దూరం ఊరికే తిరిగింది. లోపలి పళ్లు అరిగిపోయాయని నిశ్చయించుకుని, ఆ మెరుపుకు ఒక నమస్కారం పెట్టి వచ్చేశాను. కార్బురేటర్ మార్చడం ఒక మధ్యాహ్నం పని. గేర్‌బాక్స్ మార్చాలంటే కొన్నిసార్లు యంత్రం వెలకు మించి ఖర్చవుతుంది.

సరైన పిన్‌లు ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. ఇరుసుకు ఏళ్ల తరబడి గ్రీజు పెట్టకపోతే ఆగర్ గొట్టం తుప్పుతో ఇరుసుకు కరుచుకుపోతుంది. అప్పుడు పిన్ విరిగినా ఆగర్ విడిపడదు కనుక, పిన్ ఉన్నా లేనట్టే. దీన్ని తేల్చడానికి ఒకటే మార్గం, పిన్‌ను బయటికి తీసి, ఆగర్ ఇరుసు మీద తేలికగా తిరుగుతుందా అని చేత్తో చూడడం. ఈ పరీక్షకు చాలామంది అమ్మేవారు మొహం ముడుచుకున్నారు. చివరికి నేను కొన్న యంత్రపు యజమాని మాత్రం అడగకముందే రెంచి తెచ్చి ఇచ్చారు. ఆయన మంచు తీసే పని లేని అపార్ట్‌మెంట్‌కు మారిపోతున్న పెద్దాయన. పిన్ తీయగానే ఆగర్ జారినట్టు తిరిగింది, రంధ్రం చుట్టూ పాత గ్రీజు నల్లగా అంటుకుని ఉంది. స్కిడ్ షూలు ఒక వైపు అరిగిన తరువాత తిరగేసి బిగించినవి. తొట్టి కింది అంచున ఉండే స్క్రేపర్ బార్ అరిగింది గాని, దాని వెనుక తొట్టి రేకు చెక్కుచెదరలేదు. ఒక చిన్న రేకుడబ్బాలో విడి పిన్‌లు, ఒక పాత బెల్టు, నూనె మరకల వాడుక పుస్తకం ఉన్నాయి. రంగు మాత్రం పూర్తిగా వెలిసిపోయింది.

మిగతా పరీక్షలు త్వరగా పూర్తయ్యాయి. ఇంపెల్లర్ రెక్కను పట్టుకుని పైకీ కిందికీ ఊపితే బేరింగ్‌లో వదులు కనిపించలేదు. ఇంజన్ నడుపుతూ యంత్రాన్ని గోడకు ఆనించి ముందు గేరు వేస్తే చక్రాలు నేల మీద జారుతూ తిరిగాయి. అవి ఆగిపోయి ఉంటే లోపల ఫ్రిక్షన్ డిస్క్ రబ్బరు అరిగిందనో, దాని మీద ఆయిల్ పడిందనో అనుమానించేవాణ్ణి. మీటలు వదలగానే చక్రాలూ ఆగరూ రెండూ ఆగాయి. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే అంతకుముందు చూసిన ఒకదానిలో ఆగర్ మీటను తీగతో కట్టేసి ఉంచారు. చోక్ తీసిన తరువాత ఇంజన్ కాస్త ఊగిసలాడింది. దాన్నే సాకుగా చూపించి బేరమాడాను, పెద్దాయన కూడా నవ్వుతూ కొంత తగ్గించారు.

ఇంటికి తెచ్చాక కార్బురేటర్ శుభ్రం చేసి, పాత పెట్రోలు తీసేసి, చలికి చిక్కబడని 5డబ్ల్యు-30 ఆయిల్ పోశాను. ఆగర్ బెల్టు పక్కలు గాజులా నున్నబడి ఉండడంతో మార్చేశాను. రెండు టైర్లలో గాలి సమానంగా ఉందా అని కూడా చూసుకున్నాను. ఒకదానిలో తక్కువైతే తొట్టి ఒక వైపుకు ఒరిగి ఆ మూలే నేలను గీరుతుంది.

వీధి అంచు గట్టు దగ్గర ఇంజన్‌ను పూర్తి వేగంలో ఉంచి, నడకను మాత్రం అన్నిటికంటే తక్కువ గేరులో పెట్టి, తొట్టి వెడల్పులో సగమే మంచులోకి దూర్చితే యంత్రం ఎక్కడా కుంగకుండా తినుకుంటూ పోయింది. తడిమంచు చ్యూట్‌కు అంటుకోకుండా ముందుగా సిలికాన్ స్ప్రే కొట్టడం బాగా పనిచేసింది. కంకర దారి మీద మాత్రం షూలను దాదాపు అంగుళం దించినా మొదట్లో కొన్ని రాళ్లు ఎగిరాయి, ఎందుకంటే అప్పటికి నేల ఇంకా మెత్తగానే ఉంది. అందుకని అక్కడ తరువాత పడిన పలుచటి మంచును తీయకుండా, కారుతోనే అణగదొక్కి గడ్డకట్టనిచ్చాను. ఆ పొర గట్టిపడిన తరువాత రాళ్లు ఎగరడం ఆగిపోయింది. వచ్చే చలికాలంలోపు స్క్రేపర్ బార్ ఒకటి మార్చవలసి ఉంది.