ఇస్త్రీ చేసిన రిజిస్టరు

నేను అట్లతద్ది మర్నాడు పుట్టానని మా అమ్మ అంటుంది, జూలై 1న పుట్టానని మన హైస్కూలు అంటుంది, గవర్నమెంటు హైస్కూలు మాటే నమ్మింది. మా 1997 బ్యాచ్‌లో నలభై రెండు మందిమి ఉంటే అందులో సగం పైగా జూన్, జూలై నెలల్లోనే పుట్టాం మరి! ఒకటో క్లాసులో చేర్చే రోజుకి ఐదేళ్ళు నిండాలి కదా అని ఎలిమెంటరీ స్కూలు మాస్టారు ఎవరికి ఏ తేదీ కుదిరితే ఆ తేదీ వేసేశారు, ఆ రికార్డు షీటు పట్టుకుని ఆరో క్లాసుకి ఇక్కడికొస్తే అదే తేదీ అడ్మిషన్ రిజిస్టర్లోకెక్కింది, అక్కణ్ణించి టెన్త్ సర్టిఫికెట్లోకి, పాస్‌పోర్టులోకి, బ్యాంకులో నా సర్వీసు రికార్డులోకి. అంటే నేను మూడు నెలలు ముందే రిటైరవుతాను. ఆ మూడు నెలల జీతం ఎవరిస్తారో మన పాత విద్యార్థుల సావనీర్ వేస్తున్న కమిటీ వారే తేల్చాలి.

కమిటీ వాళ్ళు స్కూలు గురించి ఏదోటి రాయమంటే నాకు ముందు ఆ రిజిస్టరే గుర్తొచ్చింది. మాస్టార్ల గురించి, ఆటల గురించి మిగతావాళ్ళు రాస్తారు ఎలాగూ, డ్రిల్లు మాస్టారి విజిల్ గురించి కనీసం నలుగురైనా రాస్తారని పందెం.

మన స్కూల్ని మా నాన్నగారి తరం వాళ్ళు ఇప్పటికీ బోర్డు స్కూలనే అంటారు. డిస్ట్రిక్టు బోర్డు కట్టించింది, 1959 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక జిల్లా పరిషత్ చేతికొచ్చింది. అప్పట్నించి కాయితాల మీద అది జిల్లా పరిషత్ ఆస్తి, మాస్టార్లకి జీతాలు పైనించి వస్తాయి, బదిలీలు పైనించి వస్తాయి, మా రోజుల్లో క్వార్టర్లీ హాఫ్ ఇయర్లీ క్వశ్చన్ పేపర్లు జిల్లా మొత్తానికి ఒకటే అచ్చయి సీలేసిన కట్టలు వచ్చేవి, అప్పట్లో మన జిల్లాలోదే అయిన రాజమండ్రిలో పిల్లాడు తలగోక్కునే లెక్క దగ్గరే మనమూ గోక్కునేవాళ్ళం అదే టైముకి. ఇక గంట కొట్టే రైలు పట్టా ముక్క, బోరింగు పంపు వాషరు, ఆగస్టు పదిహేనుకి చాక్లెట్లు, జెండా కర్రకి తాడు, ఇవన్నీ ఊరివే. చాక్‌పీసులైపోతే హెడ్మాస్టారు చీటీ రాసిచ్చి మెయిన్ రోడ్డు మీద కొట్టుకి పంపేవారు, నేనే రెండుమూడు సార్లు వెళ్ళాను, ఆ కొట్టాయన చీటీ చదవకుండానే డబ్బా చేతిలో పెట్టేసేవాడు, డబ్బులు ఎవరిచ్చేవారో ఎప్పుడిచ్చేవారో నాకు ఈరోజుకీ తెలీదు.

సరే, తుఫాను.

1996 నవంబరు 6, బుధవారం. ఆ ఆదివారమే దీపావళి. ఊళ్ళో మగపిల్లలంతా వారం నించి సిసింద్రీలు కూరి, మతాబులు చుట్టి, డాబాల మీద ఎండబెట్టుకుంటున్నారు, మా తమ్ముడైతే స్కూలుకెళ్తూ కూడా ఒకసారి పైకెక్కి చూసుకొచ్చేవాడు. రేడియోలో చెప్తూనే ఉన్నారు గానీ కోనసీమ వాళ్ళకి తుఫాను కబురంటే పెళ్ళి కబురు లాంటిది, వచ్చినప్పుడు చూద్దాంలే అని. మధ్యాహ్నం బెల్లు కొట్టి ఇళ్ళకి పంపేశారు. చీకటి పడేసరికి గాలి మామూలుగా లేదు, మా ఇంటి పెంకులు ఒక్కోటీ లేచి పక్క దొడ్లో పడుతుంటే నాన్న మమ్మల్ని చెయ్యి పట్టుకుని స్కూలుకి లాక్కెళ్ళారు, స్కూల్లో అప్పటికి స్లాబు వేసినవి రెండే గదులు, లేబొరేటరీ ఒకటి, పక్కన ఆఫీసు రూము. లేబ్‌లో అరవై మంది దాకా ఉండుంటాం. నించోడానికే చోటు లేదు. మా నాయనమ్మ వీపు ఆనుకున్న బీరువాలో సీసాలో పాము ఉంది, స్పెసిమన్ అన్నమాట, మెరుపు మెరిసినప్పుడల్లా అది కదిలినట్టు కనపడేది, ఆవిడ తెల్లార్లూ బయట తుఫానుకి భయపడలేదు, ఆ సీసాకి భయపడింది.

తెల్లారి తలుపు తీస్తే ఆకాశం ఎక్కువైపోయింది. ఇలాగే చెప్పగలను. పుట్టి బుద్ధెరిగాక మన ఊళ్ళో ఎక్కణ్ణించి చూసినా కొబ్బరాకుల మధ్యలోంచే కదా ఆకాశం చూశాం, అది ఒక్కసారిగా బోడిగా ఇంత పెద్దది. చెట్లు కొన్ని వేళ్ళతో లేచి పడ్డాయి, కొన్ని నడుం దగ్గర విరిగాయి, కొన్ని మొవ్వు ఊడి కర్రలా నించున్నాయి. జిల్లాలో లక్షల చెట్లు పోయాయన్నారు తర్వాత, మనుషులు వెయ్యి మందికి పైనే, సముద్రం మీదకి వేటకెళ్ళి తిరిగిరాని వాళ్ళే చాలామంది. మన ఊళ్ళో ప్రాణాలు దక్కాయి. స్కూలుకి ఆ రెండు గదులు దక్కాయి, మిగతా పెంకుల వరస మొత్తం కూలింది, ఆఫీసు రూముకి కిటికీ రెక్కలు ఊడి రాత్రంతా వాన లోపలే కురిసింది.

హెడ్మాస్టారు అమలాపురంలో ఉండేవారు, రోడ్డంతా చెట్లే, మూడోరోజు సైకిలు కొంత తొక్కి కొంత భుజాన మోసి వచ్చారు. వచ్చి కూలిన గదుల వైపు చూడనైనా చూడలేదు, సరాసరి ఆఫీసు బీరువా దగ్గరికెళ్ళారు. అడ్మిషన్ రిజిస్టర్లు నాలుగూ తడిసి ఇటుకల్లా ఉబ్బిపోయాయి. ఆయన అలా కింద కూలబడిపోవడం నేను చూశాను. అప్పుడు నాకర్థం కాలేదు, పుస్తకాలే కదా అనుకున్నాను. ఆ రోజుల్లో మన ఊళ్ళో పుట్టినట్టు పంచాయతీలో రాయించుకున్న వాళ్ళు ఎంతమందండీ? ఈ ఊరి మనిషికి ఫలానా తేదీన పుట్టాడని, ఫలానా వాళ్ళబ్బాయని, ఇంతవరకు చదివాడని రాసున్న కాయితం ఇదొక్కటే. ఎప్పుడో ఎనిమిదితో మానేసి కొబ్బరికాయల దింపు పనికి పోయినాయన కూడా ఆ మధ్యాహ్నం గుమ్మంలో నించుని "నాది ఉందాండి అందులో" అని అడిగాడు, ఇల్లు పోయింది ఆయనకి, వచ్చి ఇదడిగాడు.

ఆరబెట్టే పని టెన్త్ ఆడపిల్లలకి, పదకొండు మందికీ అప్పజెప్పారు. లేబ్ డాబా మీద పాత ఈనాడు పేపర్లు పరిచి, కొబ్బరీనెతో ఒక్కో పేజీ కింద మెల్లగా దూర్చి, చిరక్కుండా లేపి, మధ్యలో పేపరు ముక్క పెట్టాలి. వేళ్ళతో తీస్తే చిరిగేది, ఈనె అయితే జారిపోయేది, ఇది కనిపెట్టింది మా బ్యాచ్‌లో చదువులో అందరికంటే వెనకున్న పిల్ల, పేరు రాయను, చదువుతుంటే నవ్వుకుంటూనే ఉంటుంది ఇప్పుడు. మా నాన్నగారి కాలంలో బ్లూబ్లాక్ సిరాతో రాశారేమో అవి చెక్కుచెదరలేదు, మా కాలంలో మామూలు బ్లూ ఇంకుతో రాసినవి కారిపోయి పేజీలు లేత నీలం అయిపోయాయి. నాన్న పేరు ఉంది, నా పేరు మబ్బైపోయింది.

ఆరాక ఇంకో గొడవ, కాయితాలన్నీ అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. అప్పుడొచ్చారు రామాలయం వెనక ఇస్త్రీ బల్ల తాతగారు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఎక్కడా బట్టలు ఇచ్చేవాళ్ళు లేరు ఆ వారం, ఎవరికి కావాలి ఇస్త్రీ. బొగ్గుల పెట్టె పట్టుకుని మెట్లెక్కి వచ్చి, ముందు తన పంచె మీద ఒకసారి తగిలించి వేడి చూసుకుని, పేజీ మీద పల్చటి గుడ్డ వేసి ఒక్కో కాయితం లాగారు. నీళ్ళు చల్లకూడదు, పెట్టె ఆపకూడదు, ఒక్క ఊపులో ఇటునించటు. మూడు రోజులు. ఆయనకి చదువు రాదు, పేజీ పేజీకి "ఇందులో మావాడున్నాడేమో చూడమ్మా" అనేవారు, మేం లేదు తాతా అంటే తలూపి పక్కది లాగేవారు. రెండో రోజు సాయంత్రం కొడుకు పేరు దొరికింది, చదివి చెప్పాం, పెట్టె చేతిలో ఉందన్న సంగతి మర్చిపోయి అలా నించుండిపోయారు, గుడ్డ కాలిన వాసన వచ్చేదాకా. పేజీ అంచున పెట్టె ముక్కు అచ్చుపడింది. ఎంత బాధపడ్డారో! హెడ్మాస్టారి దగ్గరికి తనే వెళ్ళి చెప్పుకుని, ఆయన ఇస్త్రీ డబ్బులు ఇవ్వబోతే తాతగారు చేతులు వెనక్కి కట్టేసుకున్నారు.

కారిపోయిన వరసలన్నీ హెడ్మాస్టారు దిద్దారు. నన్ను పిలిచి "పుట్టిన తేదీ చెప్పమ్మా" అన్నారు. నాకు అవకాశం వచ్చిందండీ, జీవితంలో ఒకేసారి వస్తుంది అలాంటిది, నేను గబుక్కున "అట్లతద్ది మర్నాడండి" అన్నాను. ఆయన ఆ వారం మొత్తంలో మొదటిసారి నవ్వారు. "అది మీ అమ్మకి చెప్పు, టెన్త్ పరీక్షకి పంపే పేర్ల జాబితా, నామినల్ రోల్సులో జూలై ఒకటని పంపేశాం" అని ఎర్ర సిరాతో అదే వేశారు.

క్లాసులు నవంబరు ఆఖరికి మొదలయ్యాయి. ఆరూ ఏడూ చర్చిలో, ఎనిమిది రామాలయం అరుగు మీద, తొమ్మిది పంచాయతీ ఆఫీసు వరండాలో, మా టెన్త్ రైస్‌మిల్లు గోడౌన్లో, ఊక వాసనతో లెక్కలు చెప్పించుకున్న బ్యాచ్ జిల్లాలో మాదొక్కటే అనుకుంటా. పీరియడ్ అయ్యాక మాస్టార్లు వీధిలో ఎదురుపడి "ఇప్పుడు నేనెక్కడికండి?" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కునేవారు. బెంచీలు లేవు, పడిన కొబ్బరిచెట్లు కోసి దుంగలు వేశారు. ఎవరి చెట్టు మీద వాళ్ళ పిల్లాడే కూర్చోవాలని కొన్నాళ్ళు దెబ్బలాట కూడా అయింది!

కరెంటు మా వీధికి నెల పైన రాలేదు. లెక్కల మాస్టారు ఇంటికెళ్ళడం మానేసి లేబ్‌లోనే పడుకుని రాత్రి స్టడీ పెట్టారు, పెట్రోమాక్సు మిల్లు వాళ్ళది, కిరసనాయిలు వంతులు. ఏ ఇంటికీ సరిపడా లేదు, అయినా సీసాలో రెండు వేళ్ళ లోతు తెచ్చి పోసేవారు, పిల్లలు టెన్త్‌లో లేని ఇళ్ళ వాళ్ళు కూడా. తొమ్మిదింటికి ఆడపిల్లల్ని ఇళ్ళకి దింపడానికి ఒక లాంతరు, ఒక నాన్న, అదీ వంతే. మా నాన్న వంతు రోజు మాత్రం నాకు సిగ్గుగా ఉండేది, దారంతా ఎక్కాలు అప్పజెప్పించుకునేవారు, పదిహేనేళ్ళ పిల్లల చేత.

పుస్తకాలు అందరివీ నానిపోయాయి కదా, మెట్ట వైపు ఒక హైస్కూలు నించి లారీ మీద పాత పుస్తకాల కట్టలొచ్చాయి, వాళ్ళ సీనియర్లవి. నాకు వచ్చిన సోషల్ పుస్తకం మొదటి అట్ట లోపల "ఈ పుస్తకం తీసినవాడు గాడిద" అని రాసుంది. నా పేరు కింద నేను "తీసింది గాడిద కాదు, తుఫాను బాధితురాలు" అని రాశాను. పరీక్షలయ్యాక వెనక్కి పంపమన్నారు, పంపేశాం. ఆ పుస్తకం వాడు చూశాడో లేదో.

ఇక పెంకుల వరస సంగతి. ఎస్టిమేట్లు వేసుకోడానికి వచ్చినవాళ్ళు వచ్చారు, టేపు పట్టారు, టీ తాగారు, వెళ్ళారు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ టేపు. ఎవరో ఏ ఆఫీసో రాయను, ఆ టేపు పట్టుకున్నది మా తమ్ముడే కాబట్టి చెప్తున్నా, రెండుసార్లూ కొలత ఒకటే వచ్చింది. జనవరిలో జన్మభూమి మొదలైంది, ఊరు తన వాటా వేస్తే మిగతాది గవర్నమెంటు అని. డబ్బులు ఎక్కడివి, కొబ్బరే పోయింది, కొబ్బరి లేనిదే మన దగ్గర రూపాయి లేదు. అందుకని కష్టం వాటా వేశారు. సంక్రాంతి వెళ్ళిన ఆదివారం నించి ఇంటికో మనిషి, ఇటుకలు మోసినవాళ్ళు, పాత పెంకుల్లో పగలనివి ఏరి తోమినవాళ్ళు. మా నాయనమ్మ పెంకులు తోముతూ కూర్చుంది, లేబ్ వైపు వీపు పెట్టి. మేం టెన్త్ రాసేలోపు రెండు గదులు లేచాయి గానీ మేం వాటిలో కూర్చోలేదు, వాటిని ఆరో క్లాసు వాళ్ళకిచ్చి చివరిదాకా ఊక గోడౌన్లోనే ఉన్నాం. కొంచెం ఉడుక్కున్నాం కూడా, ఎందుకు దాచాలి.

పదకొండు పేపర్లు, 600 మార్కులు. మా బ్యాచ్‌లో ఎంతమంది పాసయ్యారు అంటే చాలామందే, హిందీకి 20 చాలు అన్న నిబంధన పెట్టిన మహానుభావుడికి మాలో నలుగురు రుణపడి ఉన్నారు. ఈనె కనిపెట్టిన పిల్ల లెక్కల్లో తప్పింది, సప్లిమెంటరీలో కట్టేసింది.

ఈ వ్యాసానికోసం పోయిన నెల స్కూలుకి వెళ్ళాను. ఇప్పుడు అంతా స్లాబే, టైల్సు, గవర్నమెంటు స్కూళ్ళు బాగుచేసే నాడు-నేడు పథకంలో వేసిన రంగులు, పిల్లలకి మధ్యాహ్నం అన్నం, కోడిగుడ్డు. బోర్డు మీద జిల్లా పేరు కోనసీమ అని మారింది, 2022లో కొత్త జిల్లా అయింది కదా. ఇప్పటి హెడ్మిస్ట్రెస్ గారు బయటి వారు, చాలా మర్యాదగా బీరువా తీయించి రిజిస్టరు చూపించారు. కాయితాలు ఇంకా చదునుగానే ఉన్నాయి. నా వరస దొరికింది, లేత నీలం మబ్బు, దాని మీద ఎర్రగా జూలై 1, పక్కన పొట్టి సంతకం. ఇంకో నాలుగు పేజీలు తిప్పితే అంచున గోధుమ రంగులో పడవ ముక్కు లాంటి మరక.

"ఇదేంటండీ, ఎవరో టీ గ్లాసు పెట్టినట్టున్నారు" అన్నారావిడ.

కాదండి, కొంచెం కూర్చోండి చెప్తాను, అన్నాను.