కొలిచేది ఎవరు బిడ్డా?

నా మొదటి ఉద్యోగ ఒప్పందం ఇరవై ఆరు పేజీలు. దాన్ని వకీలు కంటే ముందు మా నాయన విన్నాడు. అమెరికాలో నాకు సాయంత్రం ఏడు గంటలు, నాగర్‌కర్నూల్ దగ్గర మా ఊళ్లో మరునాడు తెల్లవారి ఐదున్నర. నాయన వాకిట్లో మంచం మీద కూర్చుని, ఫోనును నీళ్ల చెంబుకు ఆనించి పెట్టుకున్నాడు. అమ్మ వెనకాల పొయ్యి దగ్గర ఉంది.

నేను ఫోను చేసింది సలహా కోసం కాదు, శుభవార్త చెప్పడానికి. ఇంటర్నల్ మెడిసిన్ (పెద్దవాళ్లకు చేసే సాధారణ వైద్యం) రెసిడెన్సీలో, అంటే డాక్టరు పట్టా తర్వాత ఆసుపత్రిలో చేసే శిక్షణలో, మూడో ఏడాది అప్పుడే మొదలైంది. ఏడాదికి అరవై ఐదు వేల డాలర్ల మీద బతుకుతున్నాను. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఒక చిన్న ఊరి ఆసుపత్రి రెండు లక్షల అరవై వేల డాలర్ల జీతం, చేరినందుకు ముప్పై వేల బోనస్ ఇస్తామని రాసింది. వారంలో సంతకం చేసి పంపమంది. ఆ రాత్రే పంపేద్దామనుకున్నాను.

నాయన జీతం గురించి ఏమీ అనలేదు. "చేరకముందే ఇచ్చే ఆ ముప్పై వేలు అడ్వాన్సా?" అని అడిగాడు.

"బోనస్ నాయనా."

"మధ్యలో మానేస్తే తిరిగి ఇవ్వాలా?"

పేజీలు తిప్పి చూశాను. ఇవ్వాలి.

"అయితే అడ్వాన్సే. ఎలా తీరుతుందో చదువు."

పాలమూరు లేబరు అన్న మాట దేశమంతా తెలుసు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, రైలు కట్టలు ఎక్కడ మొదలైనా మా జిల్లా నుంచి గుంపులు వెళ్లేవి. 1955లో సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగాక మా తాత అక్కడ రాళ్లు మోశాడు. ఆ తర్వాత ఎన్నో కాలువల్లో మట్టి తవ్వాడు. ఊరికి గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బుతో పాత అప్పు తీరుతుంది, లేదా పెళ్లి జరుగుతుంది. ఇక ఆ అడ్వాన్సు తీరేదాకా మనిషి తనవాడు కాదు. ఏడో తరగతి చదివిన నాయన పదిహేనేళ్లకే గుంపుతో వెళ్లి, మట్టి తవ్వుతూనే తోటివాళ్ల లెక్కలు ఒక చిట్టా పుస్తకంలో రాసిపెట్టేవాడు. ఎవరి అడ్వాన్సు ఎంత, తిండి ఖర్చు కింద ఎంత పట్టారు, ఇంకా ఎంత మిగిలింది. ఆ పుస్తకాలు మా ఇంటి అటక మీద ఇప్పటికీ ఉన్నాయి. నా ఉద్యోగానికీ తాత బతుకుకూ పోలిక పెట్టడం తాతకు అన్యాయమవుతుంది. ఆయనకు అడ్డం తిరిగే దారే లేదు, నాకు ఉంది. కానీ ఒప్పందం చదివే పద్ధతి మాత్రం నాకు ఆ చిట్టా నుంచే వచ్చింది.

బోనస్ షరతు ఇలా ఉంది: మూడేళ్లు నిండకముందు ఏ కారణంతో ఉద్యోగం ముగిసినా ముప్పై వేలూ మొత్తం తిరిగి కట్టాలి. రెండేళ్ల పదకొండు నెలలు పనిచేసినా ఒక్క డాలరు తీరినట్టు కాదు. ఆసుపత్రివాళ్లే తీసేసినా కట్టాల్సిందే. ఇంకొక చిక్కు నాయన అడిగితేనే నాకు తట్టింది: "చేతికి ఎంత వస్తుంది?" పన్నులు పోగా చేతికి వచ్చేది దాదాపు ఇరవై వేలు. తిరిగి కట్టవలసింది మాత్రం ముప్పై. పన్నుగా పోయినదాన్ని తర్వాతి సంవత్సరాల్లో ప్రభుత్వం నుంచి రాబట్టుకోవడం తేలిక కాదు.

ఒప్పందంలో పెద్ద మాట జీతమే అనుకుంటాం. నేను చూసినంతలో డాక్టర్లను దెబ్బ తీసేది జీతం కాదు, బయటికి వచ్చే దారి. అందులోనూ నాలాగా జె-1 వీసా, అంటే శిక్షణ కోసం వచ్చేవాళ్లకు ఇచ్చే వీసా, మీద ఉన్నవాళ్లకు ఆ దారి మరీ ఇరుకు. ఈ వీసాతో రెసిడెన్సీ చేసినవాళ్లు చదువు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. దాని నుంచి మినహాయింపు కావాలంటే ఎక్కువమందికి దొరికే దారి కాన్రాడ్ కార్యక్రమం. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరు మీద 1994లో వచ్చింది. ఒక్కో రాష్ట్రం ఏడాదికి ముప్పై మంది డాక్టర్లకు సిఫారసు చేయవచ్చు. డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో వారానికి నలభై గంటల చొప్పున మూడేళ్లు హెచ్-1బీ మీద పనిచేయాలి. మధ్యలో మానేయాలంటే అసాధారణ కారణం చూపించి, మిగిలిన కాలాన్ని అలాంటి మరో చోట పూర్తి చేయాలి. లేకపోతే రెండేళ్ల షరతు మళ్లీ మీద పడుతుంది. పైగా అమెరికా కేంద్ర ప్రభుత్వపు ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది కాబట్టి, గిరాకీ ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో ఆ రోజుల్లోనే దరఖాస్తులు సిద్ధంగా ఉండాలి. నాకు ఒప్పందం అందింది ఆగస్టులో. ఈ తొందరలోనే మనవాళ్లు ఏది వస్తే దాని మీద సంతకం పెడతారు.

స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న ఆ నియమం వెనక న్యాయం ఉందని నాకు తెలుసు. నేను చదివే రోజుల్లో మా జిల్లాలో ప్రభుత్వ వైద్య కళాశాల లేదు, మహబూబ్‌నగర్‌లో అది 2016లో వచ్చింది. హైదరాబాదులో ప్రభుత్వ ఖర్చుతో చదువుకుని ఇక్కడికి వచ్చాను. ఆ ఋణం నా మీద ఉంది. దాని గురించి వేరే రాయాలి.

జీతం దగ్గరికి వచ్చేసరికి మొదటి రెండేళ్లు హామీ, మూడో ఏడాది నుంచి పనిని బట్టి అని ఉంది. పనిని డబ్ల్యూ-ఆర్‌వీయూ అనే కొలమానంతో లెక్క కడతారు. ముఖ్యంగా వయసు మళ్లినవాళ్ల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్, ప్రతి వైద్య సేవకూ ఒక అంకె ఇస్తుంది. పాత రోగి మామూలుగా వచ్చి చూపించుకుంటే 1.30, కాస్త చిక్కు ఎక్కువైతే 1.92. ఏడాది పొడవునా వచ్చిన అంకెలన్నీ కూడి, ఒక్కో యూనిట్‌కు ఇన్ని డాలర్లని గుణిస్తారు. రోగి అదే, పడిన శ్రమ అదే. రాత సరిగా లేదని ఎవరో 1.92ను 1.30గా మారిస్తే మూడో వంతు పోయినట్టే.

ఇది వివరించడానికి నాకు పావుగంట పట్టింది. నాయన అంతా విని, "కొలిచేది ఎవరు బిడ్డా?" అన్నాడు.

మట్టిపనిలో గొయ్యి తవ్వేటప్పుడు నడుమ ఒక దిమ్మెను తవ్వకుండా వదిలేవారట. దిమ్మె నెత్తి పాత నేల మట్టం. అక్కడి నుంచి గొయ్యి అడుగుదాకా కొలిస్తే లోతు తెలుస్తుంది, ఆ లోతును బట్టి కూలి. ఒక కాలువ పనిలో రాత్రికి రాత్రి ఎవరో దిమ్మెల నెత్తిని చెక్కేశారు. తెల్లవారేసరికి గుంపు మొత్తానికి అర అడుగు లోతు తగ్గింది. నాయన తన చిట్టాలో రోజువారీ కొలత రాసుకున్నాడు కాబట్టి నిలబడి అడగగలిగాడు. సగమే వచ్చింది, కానీ వచ్చింది.

ఇరవై ఆరు పేజీల్లో కొలిచేది ఎవరో లేదు. నెలనెలా నాకు లెక్క చూపిస్తారని లేదు. తప్పు కనిపిస్తే అడిగే వీలు లేదు. ఏ సంవత్సరపు మెడికేర్ పట్టిక వాడతారో కూడా లేదు. ఇది చిన్న విషయం కాదు. నేను పైన చెప్పిన 1.92 అన్నది 2020 వరకు 1.50 మాత్రమే. 2021లో పెరిగింది. పెరిగాక కూడా పాత పట్టికతోనే డాక్టర్లకు లెక్క కట్టిన ఆసుపత్రులు ఉన్నాయి.

ఆ రాత్రి సంతకం చేయలేదు. మరునాడు డాక్టర్ల ఒప్పందాలు మాత్రమే చూసే ఒక వకీలును పట్టుకున్నాను. ఇమిగ్రేషన్ వకీలు వేరు, ఈ వకీలు వేరు. మనవాళ్లు మొదటివారితోనే సరిపెట్టుకుంటారు. ఆమె మొదట వేలు పెట్టింది బీమా పేరా మీద. వైద్యంలో పొరపాటు జరిగిందని రోగి కేసు వేస్తే కాపాడే బీమా రెండు రకాలు. ఒకటి, సంఘటన జరిగినప్పుడు బీమా ఉంటే చాలు, కేసు ఎప్పుడు పడినా వర్తిస్తుంది. రెండోది క్లెయిమ్స్ మేడ్, అంటే కేసు పడిన రోజున కూడా బీమా నడుస్తూ ఉండాలి. నాకు ఇస్తామన్నది రెండోది. ఇలాంటి కేసులు సంఘటన జరిగిన ఏడాదికో రెండేళ్లకో పడతాయి. అప్పటికి నేను ఆ ఉద్యోగం వదిలేసి ఉంటే నాకు రక్షణ లేదు. ఆ ఖాళీ పూడ్చడానికి వెళ్లేటప్పుడు టెయిల్ కవరేజి కొనాలి. సాధారణంగా అది ఏడాది ప్రీమియానికి ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్ల దాకా, ఒక్కసారే కట్టాలి. ఆ ఖర్చు ఎవరిదో ఒప్పందంలో లేదు. రాయలేదంటే అది డాక్టరుదే అని అర్థం, అన్నది ఆమె. ప్రసూతి వైద్యులకు, సర్జన్లకు ఈ మొత్తం ఎంత భారమో ఆమె చెబుతుంటే, నా బ్యాచ్‌లో సర్జరీ చేస్తున్న స్నేహితురాలికి అక్కడి నుంచే మెసేజ్ పెట్టాను.

ఉద్యోగం వదిలాక చుట్టుపక్కల ఇన్ని మైళ్లలో ప్రాక్టీసు చేయకూడదన్న షరతు కూడా ఉంది. కాన్రాడ్ దరఖాస్తుల్లో చాలా రాష్ట్రాల ఆరోగ్య శాఖలు దాన్ని ఒప్పుకోవు కాబట్టి, ఒక్క ఈమెయిలుతో తీసేశారు.

మిగిలినవి అడగడానికి నాకు భయం వేసింది. ఆఫర్ వెనక్కి తీసుకుంటే? అక్టోబరు దాటిపోతే? వకీలు ఒక ప్రశ్న వేసింది: "ఈ ఉద్యోగ ప్రకటన ఎప్పటి నుంచి ఉంది?" వెతికితే పద్నాలుగు నెలల కిందటిది. ఆ ఊరివాళ్లు ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు కోసం అరవై మైళ్లు వెళ్తున్నారు. నాకు వీసా ఎంత అవసరమో ఆ ఊరికి డాక్టరు అంతకన్నా ఎక్కువ అవసరం. నేను వాళ్ల దయ మీద వెళ్లడం లేదు, వాళ్ల రోగుల కోసం వెళ్తున్నాను. ఇది మనసుకు పట్టాక గొంతు స్థిరపడింది.

జీతం గురించి ఊహతో అడగలేదు. హెచ్-1బీ కోసం యజమానులు కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తుల్లో ఉద్యోగం, ఊరు, చూపిన జీతం ఉంటాయి. ఆ వివరాలను కార్మిక శాఖ బయట పెడుతుంది, ఎవరైనా చూడవచ్చు. చుట్టుపక్కల జిల్లాల్లో నాలాంటి డాక్టర్లకు చూపిన జీతాలు ఒక కాగితం మీద రాసుకున్నాను. నాయన చిట్టాలాగే, గళ్లు గీసి.

ఒక పేజీ ఉత్తరం రాశాను. బోనస్ నెలకు ముప్పై ఆరో వంతు చొప్పున తీరాలి. వాళ్లే తీసేస్తే తిరిగి కట్టే పని ఉండకూడదు. కట్టాల్సి వస్తే పన్ను పోగా చేతికి వచ్చినదే కట్టాలి. నెలనెలా డబ్ల్యూ-ఆర్‌వీయూ లెక్క ఇవ్వాలి, అరవై రోజుల్లో నేను అభ్యంతరం చెబితే పునఃపరిశీలించాలి, ఆ సంవత్సరపు పట్టికే వాడాలి. టెయిల్ ఖర్చు ఆసుపత్రిది. రాత్రి కాల్, అంటే రాత్రిపూట పిలిస్తే పలకాల్సిన డ్యూటీ, నాలుగు రాత్రులకు ఒకటి మించకూడదు, మించితే అదనపు డబ్బు. జీతం రెండు లక్షల ఎనభై వేలు, అది చివరి వాక్యంలో. ఆసుపత్రి తరఫున మాట్లాడే ఆమె ఫోనులో "ఇది అందరికీ ఇచ్చే ఒప్పందమే డాక్టర్" అన్నది. "అందరికీ ఇలాగే ఉండకూడదండీ" అన్నాను. అటువైపు కాసేపు మౌనం. తర్వాత అడిగి చెబుతానన్నది.

తొమ్మిది రోజులు పట్టింది. బోనస్ విషయం ఒప్పుకున్నారు, పన్ను పోగా వచ్చినదే తిరిగి కట్టే మాట మాత్రం ఒప్పుకోలేదు. టెయిల్, మూడేళ్లు పూర్తి చేస్తే వాళ్లదే. కాల్‌కు పరిమితి రాశారు, అదనపు డబ్బుకు ఒప్పుకోలేదు. జీతం రెండు లక్షల డెబ్బై వేల దగ్గర ఆగింది. లెక్క చూపించే పేరా మాత్రం నేను రాసిన మాటలతోనే పెట్టారు. దాన్ని చదివి వినిపిస్తే నాయన రెండోసారి చదవమన్నాడు.

ఆ ఊళ్లో ఇప్పుడు నాకు నాలుగో ఏడాది. చుట్టూ మొక్కజొన్న, సోయా పొలాలు. మూడో ఏడాదిలో ఒక నెల లెక్కలో నలభై ఒక్క విజిట్లు కనిపించలేదు. నేను ప్రతి సాయంత్రం నోటుబుక్కులో చూసిన రోగుల సంఖ్య రాసుకుంటాను కాబట్టి వెంటనే తెలిసింది. అడిగాను. కంప్యూటర్లో వేరే డాక్టరు పేరు కింద పడ్డాయట. సరిచేశారు.

ఇప్పుడు ఆదివారాలు నా దగ్గరికి ఒప్పందాలు వస్తుంటాయి. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి వచ్చిన పిల్లలవి. నేను వకీలును కాదని ముందే చెబుతాను, వకీలు దగ్గరికి వెళ్లేముందు ఏం అడగాలో కలిసి రాసుకుంటాం. పోయిన వారం దేవరకొండ వైపు అమ్మాయి ఫోను చేసింది. "అక్కా, శుక్రవారంలోగా సంతకం పెట్టమంటున్నారు, లేకపోతే వేరేవాళ్లకు ఇస్తారట." గొంతు అచ్చం ఆ రోజు నా గొంతులాగే ఉంది. చదువుకోవడానికి ఇంకో వారం కావాలని రాసి పంపమన్నాను, అంతే, వేరే ఏమీ వద్దన్నాను. మధ్యాహ్నానికల్లా జవాబు వచ్చింది, వచ్చే సోమవారం దాకా గడువు ఇచ్చారు. ముప్పై ఒక్క పేజీలు. బోనస్ షరతు పదకొండో పేజీలో దొరికింది. కొలిచేది ఎవరో ఇంకా వెతుకుతున్నాం.