పెదతయ డబ్బా

రాత్రి పన్నెండున్నర. పోపుల డబ్బా కనపడటం లేదు. వంటింటి సామానంతా హాల్లో కుప్పపోసి ఉంది, అందులోనే ఎక్కడో ఉండి ఉంటుంది. లైటు వేస్తే దివాను మీద పడుకున్న అత్తగారు లేస్తారు. అందుకని చీకట్లో ఫోను పట్టుకుని కూర్చున్నాను.

పెస్ట్ కంట్రోల్ అబ్బాయి రాలేదు. పదకొండింటికి వస్తాను, ఈలోపు అరలూ డ్రాయర్లూ ఖాళీ చేసి పెట్టుకోండి మేడమ్ అన్నాడు. ఆరింటికి లేచి మొదలుపెట్టాను. పదకొండింటికి ట్రాఫిక్‌లో ఉన్నానన్నాడు. రెండింటికి ఫోను ఎత్తలేదు. ఐదింటికి "రేపు ఫస్ట్ మీ ఇంటికే మేడమ్". ఈ మాట ఇవాళ ఎంతమందికి చెప్పాడో.

పెద్ద బొద్దింకలైతే చెప్పుతో తేలిపోయేది. ఇవి చిన్నవి, లేత గోధుమరంగువి, జర్మన్ బొద్దింకలంటారు. ఆడది గుడ్ల సంచిని దాదాపు పిల్లలు బయటపడేదాకా వెనకాల తగిలించుకునే తిరుగుతుంది. ఒక్కో సంచిలో 30, 40 గుడ్లు. తలుపుల హింజ్‌ల వెనకాల, డ్రాయర్ల సందుల్లో కాపురాలు. బోరిక్ పౌడరు ఉండలు చేసి పెట్టినా లాభం లేకపోయింది. మైదా, పంచదార దండగ.

అతను రాకపోతే పోయాడు, ఎలాగూ ఖాళీ అయ్యాయి కదా అని కడగడానికి దిగాను. చిమ్నీ పక్క తలుపు మీద జిడ్డు గోరుతో గీస్తే మైనంలా వస్తోంది. ఆడపడుచు పంపిన వీడియోలో వంటసోడాలో వెనిగర్ పోస్తే బుస్సున పొంగి జిడ్డంతా మాయం. పోశాను. పొంగింది. జిడ్డు అక్కడే ఉంది. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, కలిస్తే రెండూ చల్లబడతాయని టెన్త్‌లో చదువుకున్నాం కదా! వెనిగర్ పక్కన పెట్టేసి, వేడినీళ్లలో సోడా, గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, గుడ్డ ముంచి పిండి పది నిమిషాలు అంటించి ఉంచితే అప్పుడు వదిలింది. నీళ్లు ఓడకుండా పిండాలి. అంచుల్లోంచి ప్లైవుడ్ నీళ్లు పీలిస్తే అప్పడంలా ఉబ్బుతుంది. సింక్ కింద అర ఆల్రెడీ ఉబ్బి కూర్చుంది.

ఒక్క సంతోషం. రెండేళ్లుగా సరిగ్గా మూసుకోని మూడో డ్రాయరు ఇవాళ మూసుకుంది. కార్పెంటరు చానెలే మార్చాలన్నాడు. ఊడదీసి చూస్తే అందులో ఒక శనగ గింజ. అంతే.

అసలు కోపం ఇవేవీ కాదు, ప్లాస్టిక్ డబ్బాలు. బిర్యానీవి, పెరుగువి, స్వీట్లవి, మా అత్తగారు కడిగి, తుడిచి, ఒకదాంట్లో ఒకటి పెట్టి దాచినవి. లెక్కపెట్టాను. డబ్బాలు 43. మూతలు 27. ఆ 27లో సరిగ్గా పట్టేవి తొమ్మిది. మిగతా 18 మూతలు ఏ డబ్బాలవో, ఆ డబ్బాలు ఏ ఇంట్లో ఉన్నాయో. ఒక అర మొత్తం వీటికే. నా కుక్కరేమో చోటు లేక స్టవ్ కింద. అన్నీ నల్ల కవర్లో వేసి, పొద్దున చెత్త బండికి ఇద్దామని గుమ్మం దగ్గర పెట్టాను. ఆవిడ సోఫాలోంచి చూశారు. ఒక్క మాట అనలేదు. ఏదైనా అంటే నాలుగు జవాబులు సిద్ధంగా ఉన్నాయి, అన్నీ మిగిలిపోయాయి.

అప్పుడే కందిపప్పు డబ్బా బోర్లించాను. అడుగున చుక్కల చుక్కల అక్షరాలు: పెదతయ.

1987లో తెనాలిలో మా గృహప్రవేశానికి నాన్న వాళ్ల పెద్దక్క కొన్న డబ్బా అది. స్టీలు కొట్టుకి నన్నూ తీసుకెళ్లింది. పేరు చెక్కడానికి అక్షరానికి పావలా. "పెద్దత్తయ్య ఆశీస్సులతో" అని రాయిద్దాం అన్నాడు కొట్టతను. ఆశీస్సులు నోటితో ఇస్తాను, దానికి డబ్బులెందుకంది. సరే, పెద్దత్తయ్య. అతను ఏడు అక్షరాలన్నాడు. నాలుగేనంది అత్త. వత్తులు మూడున్నాయి కదమ్మా అన్నాడు. వత్తు అక్షరం కిందే ఉంటుంది, దానికి వేరే లెక్కేమిటంది. ముప్పావలా దగ్గర కొట్టు ముందు జనం పోగయ్యారు. నేను సిగ్గుతో చచ్చిపోయి గరిటెల వెనక్కి వెళ్లి నిలబడ్డాను. చివరికి అతను రూపాయి తీసుకున్నాడు, మిషను టర్రుమనిపించాడు, నాలుగక్షరాలే చెక్కాడు. ఎత్వానికి మాత్రం డబ్బులడగలేదు, మహానుభావుడు. అత్తకి చదువు రాదు. సంబరంగా తెచ్చి పూజ పీటల దగ్గర పెట్టింది. మా ఇంట్లో ఆవిడ వెనకాల ఆవిడ పేరు పెదతయే. ఆవిడకి తెలిసిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఇన్నేళ్లూ ఆవిడ పిసినారితనానికి ఉదాహరణగా ఈ కథ చెప్పుకుంటూ వచ్చాను. ఇవాళ డబ్బా తోముతుంటే మాత్రం అత్తదే రైటనిపించింది. అచ్చుల్లో హల్లుల్లో వత్తులని విడిగా ఎక్కడ నేర్పారు మనకి? ద్ద అంటే ఒక్కటే. రాయడం రాని మనిషి చెవితో లెక్కపెట్టింది, సరిగ్గానే లెక్కపెట్టింది. తీరా ఇప్పుడు ఇది టైపు చేస్తుంటే ద్ద కోసం ద, పొల్లు, మళ్లీ ద, మూడు నొక్కాల్సి వస్తోంది. ఈ లెక్కన వత్తుకి రెండు పావలాలు. కొట్టతనే నయం.

వంటిల్లు లేదు కదా, రాత్రి భోజనం ఆర్డరు పెట్టారు ఈయన. అన్నం, పప్పు, రెండు కూరలు, పెరుగు. ఐదు డబ్బాలు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి అత్తగారు ఐదూ కడిగి బోర్లించేశారు, మూతలు పక్కనే వరసగా. ఒళ్లు మండింది. కానీ వెల్లుల్లి కారం సీసా మధ్యాహ్నం నేనే పగలగొట్టాను, మిగిలిన కారం పేపరు మీద ఉంది. కవరు ముడి విప్పి, మూత పట్టే తొమ్మిదిలోంచి ఒకటి తీశాను. తర్వాత ఇంగువకి ఇంకొకటి. తర్వాత మిగతా ఏడూ తీసేశాను. ఆవిడ నిద్రపోతున్నారనే అనుకుంటున్నాను.

ఇందాక నీళ్లకని వంటింట్లోకి వెళ్తే, కడిగి తుడిచిన ఖాళీ అరలో ఒకటి మీసాలు ఊపుకుంటూ అటూ ఇటూ పచార్లు చేస్తోంది. అద్దెకి ఇల్లు చూసుకోవడానికి వచ్చినట్టు.

పొద్దున ఈయనకి ఉప్మా కావాలిట. ఆవాలెక్కడున్నాయో.