స్టిక్కర్ మార్చడానికి కూడా రీకాలేనా?

లోపమున్న బండ్లను తయారీదారు వెనక్కి పిలిచి సరిచేసే రీకాల్ అనగానే మన ఆలోచన బ్రేకుల మీదికో, ఎయిర్‌బ్యాగుల మీదికో పోతుంది. అందుకే, అమెరికాలో లేబుల్ మీద బరువు అంకె తప్పుగా పడిందన్న ఒక్క కారణంతో పికప్ ట్రక్కులను రీకాల్ చేస్తారని చెబితే చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఇంజను బాగానే ఉంది, చక్రాలు బాగానే తిరుగుతున్నాయి, ఒక స్టిక్కర్ కోసం ఇంత హడావిడి ఎందుకని అడుగుతారు. పికప్ నడిపేవాడిగా నా అభిప్రాయం ఇందుకు పూర్తిగా వేరు. బండిలోని మిగతా లోపాలు చాలావరకు ఏదో ఒక చప్పుడు చేసో, డాష్‌బోర్డు మీద దీపం వెలిగించో తమ ఉనికిని బయటపెట్టుకుంటాయి గాని, ఈ లోపం మాత్రం మనం ఆ అంకెను నమ్మి బరువు వేస్తున్నంత కాలం నోరు విప్పదు.

డ్రైవర్ తలుపు తెరిస్తే, సీటు బెల్టు బిగించి ఉండే స్తంభం మీద గాని, ఆ తలుపు అంచున గాని సాధారణంగా రెండు లేబుళ్లు కనిపిస్తాయి. మొదటిది తయారీదారు ధ్రువీకరణ లేబుల్. బండి తయారైన నెల, సంవత్సరం, బండిని గుర్తించే విన్ నంబరు, సరుకుతో సహా బండి మొత్తం బరువు ఎంత దాటకూడదో చెప్పే జీవీడబ్ల్యూఆర్, ముందు వెనుక ఇరుసులకు విడివిడిగా పెట్టిన పరిమితులు దాని మీద ఉంటాయి. రెండోది టైర్లకూ లోడుకూ సంబంధించినది. సీట్ల సంఖ్య, టైరు సైజు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు వాటిలో ఉండవలసిన గాలి, వీటితోపాటు మనుషులూ సామానూ కలిపి ఇన్ని కిలోలు లేదా ఇన్ని పౌండ్లు ఎన్నడూ మించరాదన్న వాక్యం అందులో ఉంటాయి. జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్లు, అంటే 4,536 కిలోలు దాటని బండ్లకు ఈ రెండో లేబుల్‌ను సమాఖ్య మోటారు వాహన భద్రతా ప్రమాణాల్లో 110వది తప్పనిసరి చేసింది. అక్కడి చట్టం ప్రకారం బండిలో భద్రతకు సంబంధించిన లోపం ఉన్నా రీకాలే, బండి ఏదైనా భద్రతా ప్రమాణానికి తగినట్టు లేకపోయినా రీకాలే. కాబట్టి ఆ వాక్యంలోని అంకె ఒక్కటి తప్పినా చాలు.

ఈ పట్టుదల వెనుక ఒక చేదు అనుభవం ఉంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో చాలా టైర్లు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు ఉండేవి. వేగంగా పోతుండగా టైరు పైపొర ఊడిపోయి, బండ్లు పల్టీలు కొట్టి, 200 మందికి పైగా చనిపోయారు. ఆ బండ్లకు ఫోర్డ్ సూచించిన గాలి ఒత్తిడి 26 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) కాగా, తరువాత ఫైర్‌స్టోన్ 30 పీఎస్ఐ ఉండాలన్నది. గాలి తక్కువగా ఉండి, బరువు ఎక్కువగా ఉండి, ఎండలో వేగంగా పోయే టైరు లోపల ఎంత వేడెక్కుతుందో ఆ ఉదంతం దేశమంతటికీ తెలియజెప్పింది. అదే ఏడాది నవంబరులో ట్రెడ్ చట్టం వచ్చింది. టైర్ల వివరాలూ, బరువు పరిమితీ పికప్‌ల వంటి తేలికపాటి ట్రక్కుల మీద కూడా ఒకే తీరులో, సామాన్యుడికి అర్థమయ్యే మాటల్లో ఉండాలన్న నిబంధన ఆ చట్టం కారణంగానే 2002లో ఖరారైంది. అంటే మనం స్టిక్కర్ అని తీసిపారేసేది ఆ ప్రమాదాల నుంచి పుట్టినదే.

ఇక లెక్క విషయానికి వద్దాం. వాహన చేతిపుస్తకాల్లో తప్పనిసరిగా ముద్రించే ఉదాహరణ ఒకటుంది: పరిమితి 1,400 పౌండ్లయి, ఒక్కొక్కరు 150 పౌండ్ల బరువుండే అయిదుగురు ఎక్కితే వారికే 750 పోతుంది, సామానుకు మిగిలేది 650. (అమెరికాలో వయోజన పురుషుడి సగటు బరువు 200 పౌండ్ల దగ్గర ఉందన్న సంగతి ఈ ఉదాహరణకు ఎందుకో ఇంకా చేరలేదు.) ఆ 650 పౌండ్లలో 80 పౌండ్ల కాంక్రీటు బస్తాలు ఎనిమిది పడతాయి. లేబుల్ 1,400 అంటున్నా ఆ బండి అసలు పరిమితి 1,250 అనుకుందాం. అప్పుడు సామానుకు నిజంగా మిగిలేది 500 మాత్రమే, అంటే ఆరు బస్తాలు. ఏడో బస్తా, ఎనిమిదో బస్తా ఎక్కించిన మనిషి పొరపాటేమీ చేయలేదు. తలుపు దగ్గర ఉన్న అంకెను చదివి, కూడికలూ తీసివేతలూ సరిగ్గా చేసి, జాగ్రత్తపరుడిగానే పరిమితి దాటాడు. తప్పు లేబుల్‌తో నాకు కనిపించే అసలు ప్రమాదం ఇదే: లెక్క చూసుకోనివాడికి లేబుల్‌లో ఏముందన్నది ఎలాగూ పట్టదు, చూసుకునేవాడికే అది ద్రోహం చేస్తుంది.

తొట్టె సైజు కూడా కళ్లను మోసం చేస్తుంది. ఒక ఘనపు గజం ఇసుక రమారమి 2,700 పౌండ్లు తూగుతుంది. పెద్ద సైజు పికప్ తొట్టెలో అది సగానికి కాస్త అటూఇటూగా కనిపిస్తుంది గాని, అరటన్ను తరగతి (పెద్ద సైజు పికప్‌లలో తేలికైనవాటికి వాడుక పేరు) ట్రక్కుల్లో చాలావాటి పరిమితిని అది అప్పటికే దాటేసి ఉంటుంది. ట్రైలర్ లాగేవారి లెక్క ఇంకా చిక్కుగా ఉంటుంది. ట్రైలర్ బరువులో సుమారు 10 నుంచి 15 శాతం, దాన్ని బండికి తగిలించే హిచ్ మీద పడుతుంది, అది కూడా ఈ పరిమితిలోంచే పోతుంది. 5,000 పౌండ్ల ట్రైలర్ తగిలిస్తే 500 నుంచి 750 వరకు అక్కడే ఖర్చవుతుంది. ప్రకటనలో ఘనంగా చెప్పే లాగే సామర్థ్యం చేరకముందే, చాలా బండ్లలో మోసే సామర్థ్యం నిండిపోవడానికి కారణం ఇదే. బరువు దాటిన బండిలో వెనుక టైర్ల పక్కగోడలు అతిగా వంగి వేడెక్కుతాయి, బ్రేకు వేశాక ఆగే దూరం పెరుగుతుంది, వెనుక భాగం కుంగి ముందు చక్రాల మీద భారం తగ్గడంతో స్టీరింగ్ తేలికవుతుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడతాయి.

అంకె తప్పడానికి పెద్ద కుట్రేమీ అక్కరలేదు. ఒకే మోడల్‌లో ఫోర్‌వీల్ డ్రైవ్, సన్‌రూఫ్, పెద్ద క్యాబ్ వంటి ప్రతి అదనపు అమరికా బండి సొంత బరువును పెంచి, మోసే బరువును తగ్గిస్తుంది. అందుకే పక్కపక్కన నిలబెట్టిన రెండు ట్రక్కుల లేబుళ్లు ఒకలా ఉండవు. కర్మాగారం దాటాక కూడా కథ ముగియదు. అమ్మకానికి ముందే డీలరో, పంపిణీదారో తొట్టె మూత, పక్కమెట్లు, బరువైన బంపర్ వంటివి బిగిస్తే, ఆ అదనపు బరువు జీవీడబ్ల్యూఆర్‌లో 1.5 శాతం లేదా 100 పౌండ్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని దాటినప్పుడు లేబుల్ మీది అంకెను సరిదిద్దాలి. ఇలా సరిదిద్దిన అంకెలే తప్పాయని అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో టొయోటా బండ్లను పంపిణీ చేసే సౌత్‌ఈస్ట్ టొయోటా సంస్థ ఒకటికి రెండుసార్లు రీకాల్ చేయవలసి వచ్చింది. ఉపకరణాల మీద లాభం చూసుకునే చోట తూకం మీద శ్రద్ధ తగ్గడం నాకేమీ వింతగా అనిపించదు.

తప్పు తేలాక నడిచే పద్ధతి కచ్చితంగానే ఉంటుంది. ప్రమాణానికి తగినట్టు లేదని నిర్ణయించిన అయిదు పనిదినాల్లో తయారీదారు అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు తెలపాలి. ఆ తరువాత 60 రోజుల్లో యజమానులకు ఉత్తరాలు పంపాలి. తప్పు భద్రతకు హాని చేసేంతటిది కాదని వాదిస్తూ మినహాయింపు కోరే దారి కూడా చట్టంలో ఉంది. అసలు సామర్థ్యం కంటే తక్కువ అంకె వేసినప్పుడు ఆ వాదనలో పస ఉంటుంది గాని, ఎక్కువ అంకె వేసినప్పుడు దానికి నిలబడే కాలు ఉండదన్నది నా అభిప్రాయం. సరిచేయడమంటే చాలా సందర్భాల్లో కొత్త లేబుల్ అతికించడమే, అదీ ఉచితంగా.

నాకు మింగుడు పడనిది ఇక్కడే ఉంది. తొట్టెలో పెట్టే క్యాంపర్‌ను (ప్రయాణాల్లో బస చేసే గదిని) మోయడానికే ఒక మనిషి 1,400 అంకె చూసి బండి కొన్నాడనుకుందాం. కొత్త లేబుల్ 1,250 అంటుంది. చట్టం దృష్టిలో బండి ఇప్పుడు సరైనది, ఫైలు మూసేయవచ్చు. అతని దృష్టిలో మాత్రం కొన్న పనికి ఆ బండి ఇక పనికిరాదు. మరమ్మతు చేయడం, మరో బండి ఇవ్వడం, సొమ్ము వాపసు ఇవ్వడం అనే మూడు మార్గాల్లో ఏది పాటించాలో ఎంచుకునే వెసులుబాటు చట్టం తయారీదారుకే ఇచ్చింది, స్టిక్కర్ కంటే చవకైన మరమ్మతు మరొకటి ఉండదు. తగ్గిన అంకెకు తగిన పరిహారం కావాలంటే యజమాని వేరే తలుపులు తట్టుకోవాలి. భద్రత కోసం పుట్టిన రీకాల్ వ్యాపార తగాదాను కూడా తీర్చాలనడం న్యాయం కాకపోవచ్చు గాని, కనీసం పాత అంకె ఎంత, కొత్త అంకె ఎంత, తేడా ఎందుకు వచ్చిందన్నది ఆ ఉత్తరంలోనే పక్కపక్కన రాయాలని అడగడం అత్యాశ కాదు.

సెకండ్‌హ్యాండ్ పికప్ కొనేవారు మరికొంత జాగ్రత్త పడాలి. రీకాల్ పూర్తికాని కొత్త బండిని డీలర్ అప్పగించడం నిషిద్ధం గాని, వాడిన బండ్ల అమ్మకానికి సమాఖ్య చట్టంలో చాలావరకు అలాంటి అడ్డు లేదు. పాత యజమాని ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేసి ఉంటే, తప్పు అంకె బండితోపాటే చేతులు మారుతుంది. 17 అక్షరాల విన్ నంబరును ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో వెతికితే మిగిలిపోయిన రీకాళ్లు ఉచితంగా తెలుస్తాయి. ముందు యజమాని బరువైన బంపరో, తొట్టె మూతో బిగించి ఉంటే ఆ సంగతి మాత్రం ఏ వెబ్‌సైటూ చెప్పదు. ట్రక్ స్టాపుల దగ్గరి కాటా మీద, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఖాళీ బండిని ఒకసారి తూకం వేయించి, ఆ బరువును జీవీడబ్ల్యూఆర్ నుంచి తీసివేసి, వచ్చిన అంకెను తలుపు దగ్గరి లేబుల్‌తో పోల్చుకోవాలి. తూకంలో డ్రైవర్ కూడా బండిలోనే కూర్చుని ఉంటే తీసివేతలో వచ్చిన అంకెకు అతని బరువును తిరిగి కలుపుకోవడం మరువకూడదు.