చిట్టి కడుపు కుదుటపడేదాకా

మా కుక్క చిట్టికి అప్పుడు నాలుగేళ్లు. ఒకరోజు లూజ్ మోషన్ అయితే, ఏదో తినుంటుందిలే అనుకున్నాం. రెండు రోజులకు తగ్గింది, వారానికి మళ్లీ మొదలైంది. నెల గడిచేసరికి రోజుకు ఆరేడు సార్లు తలుపు గీకేది. బయటికి తీసుకెళ్తే నడుం వంచి చాలాసేపు ముక్కేది, వచ్చేది మాత్రం చెంచాడు. దాని చుట్టూ తెల్లటి జిగట, ఒక్కోసారి ఎర్రటి చార. రాత్రిపూట ఆపుకోలేక ఇంట్లోనే వెళ్లిపోతే, మూలకెళ్లి మొహం గోడవైపు పెట్టుకుని పడుకునేది. మేం ఒక్క మాట కూడా అనలేదు. అయినా అలా ముడుచుకున్న దాని వీపు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

ఆ నెలలో నేను చేసిన పెద్ద తప్పు, టెన్షన్‌తో తిండి మారుస్తూ పోవడం. ఒకటి పడట్లేదని ఇంకోటి, రెండు రోజులు చూసి ఉడికించిన చికెన్, మళ్లీ గుమ్మడికాయ గుజ్జు, పైన ప్రొబయోటిక్ పొడి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకైనా పాత తిండిలో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ వారం, పది రోజులు తీసుకుని మార్చాలట. పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియాకు అలవాటు పడే వ్యవధి కావాలి. నేను ఆ వ్యవధి ఒక్కసారి కూడా ఇవ్వలేదు. యాంటీబయాటిక్ వాడినన్ని రోజులు ఆగింది, ఆపగానే తిరిగొచ్చింది. మోషన్లు ఆగడానికి మనుషులు వాడే మాత్ర వేసేయమన్న వాళ్లూ ఉన్నారు. దయచేసి డాక్టర్‌ని అడక్కుండా వేయకండి. కోలీ లాంటి కొన్ని కుక్క జాతుల్లో అది ప్రాణం మీదికి తేవచ్చు.

పద్దెనిమిది కిలోల చిట్టి పదిహేనుకు వచ్చింది. స్నానం చేయిస్తుంటే పక్కటెముకలు వేళ్లకు తగిలాయి. అప్పుడు ఇంకో డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాం. ఆయన మూడు రోజుల మలం తెమ్మన్నారు. జియార్డియా అనే పరాన్నజీవి ఉన్నా రోజూ బయటపడదట. అది లేదని తేలింది. రక్తపరీక్షలో బి12 విటమిన్ బాగా తక్కువగా ఉంది. దాన్ని పీల్చుకునేది చిన్నపేగు చివరి భాగం. అక్కడ వాపు ఉంటే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. వారానికొకటి చొప్పున ఆరు వారాలు ఇంజెక్షన్లు రాశారు. దాంతోపాటు, ప్రొటీన్‌ని ఒళ్లు గుర్తుపట్టనంత చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసే ప్రత్యేకమైన తిండి ఒకటి ఇచ్చారు. “రెండు వారాలు ఇది తప్ప నోట్లో ఇంకేం పడకూడదండీ” అన్నారు. కడుపులో పురుగులకు వేసే మాత్ర మాంసం వాసన వేస్తుందని, దాన్ని కూడా మార్పించారు.

ఐదో రోజుకు కాస్త గట్టిపడింది. తొమ్మిదో రోజు మళ్లీ జిగట, రక్తం. నేను కూలబడిపోయాను. అప్పుడు అమ్మ మెల్లగా చెప్పింది, కంచంలోంచి చిన్న మాంసం ముక్క పెట్టానని. “అది అలా చూస్తూ ఉంటే నాకు ముద్ద ఎలా దిగుతుందే?” అంది, కళ్లు తుడుచుకుంటూ. నాకు కోపం రాలేదు. ఇన్నాళ్లూ దాన్ని శుభ్రం చేసింది అమ్మే. ఆరోజు నుంచి చిట్టి గిన్నెలో వేయాల్సిన దాంట్లోంచే ఒక గుప్పెడు తీసి విడిగా అమ్మకిచ్చాను. తను తినేటప్పుడు ఒక్కో గింజా చేత్తో పెట్టేది. లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాం.

ఈ మధ్యలోనే తెలిసినవాళ్ల పిల్లి తిండి మానేసింది. రేపటిదాకా చూద్దామని వాళ్లు అంటుంటే నేనే గొడవపెట్టి డాక్టర్ దగ్గరికి పంపించాను. పిల్లులు రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుపోయే ప్రమాదం ఉంది. కుక్క విషయంలో లాగా ఓ పూట కడుపు మాడ్చి చూద్దాం అంటే కుదరదు.

పన్నెండో రోజు పొద్దున చిట్టి ఒక్కసారే కూర్చుంది, ముక్కకుండా. సంచిలోకి తీస్తే నేలకు ఏమీ అంటలేదు. అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేశాను. “గట్టిగా ఉందా? నిజంగానా?” అని రెండుసార్లు అడిగింది.

ఆరో ఇంజెక్షన్‌నాటికి బరువు పదిహేడు కిలోలు. ఇప్పటికీ అదే తిండి, అవే రెండు పూటలు. అమ్మ కంచం ముందు కూర్చోగానే చిట్టి వచ్చి ఆ గుప్పెడు కోసం మోకాలి మీద గడ్డం ఆనించుకుంటుంది.